ఉప్పును వదిలి లోహాన్ని పట్టే యంత్రం: మూడేళ్ల వాడకం మీద సమీక్ష

కొనదగిన యంత్రమే అన్న మాట ముందే చెప్పేస్తాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఇబ్బందుల గురించే ఉంటుంది కాబట్టి, అవి చదివి ఇది పనికిరానిదని ఎవరూ పక్కన పెట్టకూడదు. సముద్రపు నీటిలో కరిగి ఉన్న ఇనుము, జింకు, రాగి, నికెల్, కాడ్మియం, సీసం, కోబాల్టు, మాంగనీసు అనే ఎనిమిది లేశ లోహాలను కొలవడానికి మా ప్రయోగశాలలో మూడేళ్లుగా ఒక స్వయంచాలక ప్రీకాన్సంట్రేషన్ యంత్రాన్ని, అంటే నీటిలోని ఉప్పును వదిలించి లోహాలను మాత్రం కొద్దిపాటి ఆమ్లంలోకి చేర్చి ఇచ్చే యంత్రాన్ని, ఐసీపీ-ఎంఎస్‌కు ముందు పెట్టుకుని వాడుతున్నాం. ఐసీపీ-ఎంఎస్ అంటే ద్రావణాన్ని మండే ఆర్గాన్ ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, వాటిని ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కించే పరికరం. తయారీ సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పే మంచిచెడ్డలు చాలావరకు ఈ పద్ధతిలోనే ఉన్నవి, ఏ సంస్థ యంత్రం కొన్నవారికైనా ఎదురయ్యేవి.

అసలు ఇలాంటి యంత్రం ఎందుకు కావలసి వస్తుందో తెలియాలంటే ఒక కిలో సముద్రపు నీటిని మనసులో పెట్టుకుంటే చాలు. అందులో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఒక్క సోడియమే 11 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. తీరానికి దూరంగా, నడిసముద్రపు ఉపరితలంలో తీసిన అదే కిలో నీటిలో కరిగిన ఇనుము తరచుగా 0.2 నానోమోల్‌కు మించదు, అంటే సుమారు 11 నానోగ్రాములు. సోడియం ఇనుముకు వంద కోట్ల రెట్లు ఉన్నట్టు లెక్క. ఐసీపీ-ఎంఎస్ సాధారణంగా 0.2 శాతం వరకు కరిగిన లవణాలను భరిస్తుంది, సముద్రపు నీటిలో 3.5 శాతం ఉంటాయి. ఉన్న నీటిని ఉన్నట్టుగా పంపితే ప్లాస్మా నుంచి అయాన్లు లోపలికి పోయే మిల్లీమీటరు పాటి కోన్ రంధ్రం చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని, చూస్తుండగానే సిగ్నల్ పడిపోతుంది. అది చాలదన్నట్టు ప్లాస్మాలోని ఆర్గాన్ సోడియంతో కలిసి 63 ద్రవ్యరాశి దగ్గర రాగి వేషం వేస్తుంది, కాల్షియం ఆక్సిజన్‌తో కలిసి 59 దగ్గర కోబాల్టులా కనబడుతుంది. ఇరవై రెట్లు పలచన చేసి పంపితే ఉప్పు బాధ తగ్గుతుంది గాని, కొలవవలసిన లోహం కూడా దానితోపాటే కనుమరుగవుతుంది. కాబట్టి కొలవడానికి ముందే ఉప్పును, లోహాన్ని విడదీయక తప్పదు.

యంత్రం చేసే పని వినడానికి తేలికే. హెపా ఫిల్టరు కింద ఉన్న ఆటోశాంప్లర్ సీసాలోంచి 10 మిల్లీలీటర్ల నమూనాను ఒక లూప్‌లోకి పీలుస్తుంది. నిల్వ కోసం ముందే హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 1.8 ప్రాంతానికి దించి ఉంచిన ఆ నీటికి, దారిలోనే అమ్మోనియం ఎసిటేట్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కలిసి పీహెచ్ 6.2 దగ్గరకు వస్తుంది. ఆ మిశ్రమం చిటికెన వేలి గోరంత కాలమ్ గుండా పోతుంది. అందులో ఉన్న చీలేటింగ్ రెజిన్ లోహ అయాన్లను పట్టుకుని, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియంలలో దాదాపు మొత్తాన్ని వదిలేస్తుంది. కాలమ్‌లో మిగిలిన ఉప్పును పలచని బఫర్ కడిగేశాక, నైట్రిక్ ఆమ్లం వ్యతిరేక దిశలో వచ్చి పట్టుబడిన లోహాలను 0.4 మిల్లీలీటర్లలో బయటికి తెస్తుంది. ఉప్పు పోయింది, లోహం 25 రెట్లు చిక్కబడింది. ఒక్కో నమూనాకు పావుగంట లోపే పడుతుంది, రాత్రి పెట్టి వెళితే ఉదయానికి ఒక ట్రే పూర్తయి ఉంటుంది.

పూర్వం ఇదే పనికి మేము ద్రావణి పద్ధతి వాడేవాళ్లం. పావు లీటరు నీటిని టెఫ్లాన్ సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి, డైథయోకార్బమేట్ కారకాలు కలిపి, క్లోరోఫారంతో రెండు సార్లు చేతులు నొప్పి పుట్టేలా కుదిపి, కింది పొరను జాగ్రత్తగా దించి, ఆవిరి చేసి, మళ్లీ ఆమ్లంలోకి తెచ్చే పద్ధతి అది. 1979లో సముద్ర రసాయన శాస్త్రవేత్త కెన్నెత్ బ్రూలాండ్, ఆయన సహచరులు దాన్ని సముద్రపు నీటికి తీర్చిదిద్దారు, ఇప్పటికీ దాని నాణ్యతకు నేను తలవంచుతాను. కాని రోజంతా నిలబడి చేసినా నాకు ఎనిమిది నమూనాలకు మించి అయ్యేవి కావు, ఎనిమిదింటిలోనూ ఎక్కడో ఒకచోట చెయ్యి తగిలేది. యంత్రం వల్ల నాకు కలిగిన పెద్ద మేలు వేగం కన్నా ఇదే: మొదటి నమూనాకు జరిగినదే అరవయ్యో నమూనాకూ జరుగుతుంది. తప్పు జరిగినా అన్నింటికీ ఒకే తీరుగా జరుగుతుంది, వెతికితే దొరుకుతుంది.

ఏ యంత్రాన్నయినా నమ్మే ముందు జవాబు తెలిసిన నీటితో పరీక్షించాలి. ఉత్తర పసిఫిక్‌లో 2004లో జరిగిన సేఫ్ అనే సముద్ర పరిశోధన యాత్రలో సేకరించిన ప్రమాణ నమూనాలు ఇందుకు నాకు తెలిసినంతలో అత్యుత్తమమైనవి. ఉపరితలపు నీటిలో ఇనుము కిలోకు 0.09 నానోమోల్, వెయ్యి మీటర్ల లోతు నీటిలో 0.93 నానోమోల్ అని అనేక ప్రయోగశాలలు కలిసి తేల్చిన విలువలున్నాయి. కెనడా జాతీయ పరిశోధనా మండలి అమ్మే ధ్రువీకృత సముద్రపు నీళ్లు కూడా మంచివే, అయితే వాటిలో లోహాల గాఢత నడిసముద్రపు ఉపరితలంలో కన్నా ఎక్కువ కనుక బ్లాంక్ సమస్యను, అంటే నమూనాలోది కాక బయటి నుంచి వచ్చి చేరే లోహం సమస్యను, అవి కప్పిపుచ్చగలవు. మా యంత్రం లోతు నీటిలో ఇనుము, నికెల్, కాడ్మియం, సీసాలకు మొదటి వారంలోనే ఒప్పుకున్న హద్దుల్లోపల విలువలు ఇచ్చింది. ఆ సాయంత్రం నేను పొందిన ఆనందం చిన్నది కాదు. ఉపరితలపు నీటిలో ఇనుము కుదరడానికి మాత్రం రెండు నెలలు పట్టింది, జింకు కుదరడానికి ఆరు నెలలు.

ఆ ఆరు నెలల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనబోయేవారికి అన్నింటికన్నా ఉపయోగపడేది అదే. నడిసముద్రపు ఉపరితలంలో జింకు లీటరుకు 0.1 నానోమోల్ ఉందనుకుంటే, మనం తీసుకునే 10 మిల్లీలీటర్లలో ఉన్న జింకు మొత్తం 65 పికోగ్రాములు. గ్రాములో లక్ష కోట్లవ వంతు పికోగ్రాము. ఆ మాత్రం జింకు మన చుట్టూ ఎక్కడైనా ఉంటుంది. మా బ్లాంకుల్లో, అంటే లోహం లేని ద్రవాన్ని నమూనాలాగే నడిపి చూసే కొలతల్లో, జింకు ఒక రోజు నమూనాలో ఉండవలసినంత, మరుసటి రోజు దానికి మూడింతలు వచ్చేది. మొదట ఆమ్లాన్ని అనుమానించి, క్వార్ట్జ్ పాత్రలో మరగకుండా ఆవిరి చేసి శుద్ధి చేసిన కొత్త ఆమ్లం పెట్టాం. మార్పు లేదు. తరువాత బఫర్‌ను మరో చీలేటింగ్ కాలమ్ గుండా పంపి వాడాం. కొంత తగ్గింది గాని నిలకడ రాలేదు. అప్పుడు మా సహోద్యోగిని ఒకరు అదే బ్లాంకుల్లో మిగిలిన లోహాల అంకెలు పక్కపక్కన రాసి చూపించారు. ఇనుము, సీసం కదలడం లేదు, జింకు ఒక్కటే ఎగిరిపడుతోంది. గాలిలోని దుమ్మే కారణమైతే ఇనుము వెంట రాకుండా ఉండదు. దుమ్ము కాదు, జింకు మాత్రమే ఉన్న వస్తువేదో ఉందన్నమాట.

రబ్బరు తయారీలో జింకు సమ్మేళనాలు వాడతారన్నది మాకందరికీ తెలిసిన విషయమే, తెలిసీ చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకునే వయల్ మూతలు తీస్తున్నాం. పన్నెండు వయల్స్ తీసుకుని, ఆరింటి మూతలు ఆ గ్లవ్స్‌తోను, ఆరింటివి పైన పల్చని పాలిథిన్ గ్లవ్స్ తొడుక్కుని తీశాం. రెండు వరుసల మధ్య తేడా చూడడానికి గణాంక పరీక్ష అవసరం రాలేదు. దానితో బ్లాంక్ సగానికి పైగా తగ్గింది. మిగిలినదానికి కారణం యంత్రంతోపాటు వచ్చిన బఫర్ సీసా మూతలో దొరికింది. మూత లోపల నల్లటి రబ్బరు రింగు ఒకటి, దాని కింద ఆవిరి చేరి, బొట్టు కట్టి, మళ్లీ బఫర్‌లోకే జారుతోంది. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడు ఆ బొట్టు కనబడింది. రబ్బరు రింగు లేని టెఫ్లాన్ మూత పెట్టాక జింకు బ్లాంక్ తగ్గి, అన్నింటికన్నా ముఖ్యంగా, నిలకడగా నిలిచింది. ఇంత సున్నితమైన కొలత కోసం అమ్మే యంత్రానికి ఆ మూత ఎవరు ఎంపిక చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫిర్యాదు చేశాక సంస్థ వారు వేరే మూత పంపించారు, కాని దానికి పోయిన నెలలు తిరిగి రాలేదు.

కరపత్రాల్లో రాసే డిటెక్షన్ లిమిట్ గురించి ఇక్కడే ఒక మాట. బ్లాంకుల విలువల్లోని ప్రామాణిక విచలనానికి మూడు రెట్లను ఆ హద్దుగా తీసుకోవడం వాడుక. అంటే అది యంత్రం గుణం మాత్రమే కాదు. గది, ఆమ్లం, సీసా, చెయ్యి అన్నీ కలిసిన గుణం. పైగా బ్లాంక్ అంటే ఏమిటన్నది కూడా తేలికైన ప్రశ్న కాదు. అతిశుద్ధ నీటిని బ్లాంకుగా పంపితే అందులో ఉప్పు ఉండదు కనుక రెజిన్ మీద అది సముద్రపు నీటిలా ప్రవర్తించదు. మేము ఒకసారి కాలమ్ గుండా పోయి లోహాలు కోల్పోయిన సముద్రపు నీటినే సేకరించి, మళ్లీ ఆమ్లం కలిపి బ్లాంకుగా వాడుతున్నాం. యంత్రం దాన్ని సులభంగా పోగుచేసి ఇస్తుంది, ఈ ఒక్క సదుపాయానికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

రెండో పెద్ద లోపం పీహెచ్ విషయంలో. మరొక బృందం యాత్రలో సేకరించిన నమూనాలు మా దగ్గరకు వచ్చాయి. కొలిస్తే అన్ని లోతుల్లోనూ మాంగనీసు ఉండవలసిన దానికన్నా మూడో వంతు తక్కువగా వచ్చింది, రాగి, నికెల్, ఇనుము మాత్రం సరిగానే ఉన్నాయి. తెర మీద అన్ని గుర్తులూ ఆకుపచ్చగానే ఉన్నాయి. చివరికి కాలమ్ నుంచి వ్యర్థాల సీసాకు పోయే గొట్టాన్ని తప్పించి, ఆ ద్రవాన్ని ఒక చిన్న బీకరులో పట్టి పీహెచ్ చూస్తే 5.4 ఉంది. నమూనాల్లో నిర్ణయించిన దానికి రెట్టింపు ఆమ్లం కలిపారు, మా బఫర్ దాన్ని లేపలేకపోయింది. ఈ రెజిన్ రాగిని, ఇనుమును తక్కువ పీహెచ్‌లో కూడా వదలదు, మాంగనీసును మాత్రం పీహెచ్ 6కు కిందికి పోతే వదలడం మొదలుపెడుతుంది. ఎనిమిది లోహాల్లో ఏడు సరిగా ఉండి ఒక్కటి తప్పడం అన్నీ తప్పడం కన్నా ప్రమాదం, ఎవరికీ అనుమానం రాదు కనుక. కాలమ్ దాటిన చోట చిన్న పీహెచ్ సెన్సార్ ఒకటి ఉంటే ఈ తప్పు మొదటి నమూనా దగ్గరే పట్టుబడేది. అది లేదు. అందుకే ఇప్పుడు ప్రతి ట్రేలో మొదట, మధ్యలో, చివర వ్యర్థ ద్రవం పీహెచ్ చేత్తో చూస్తున్నాం. ప్రతి ఒక్కరూ చూడాలి.

ఇనుము, రాగి, జింకు, కాడ్మియం, సీసం, నికెల్ విషయంలో దిగుబడి తేడాలను, అంటే కాలమ్ నుంచి తిరిగి వచ్చే లోహం పాలులోని తేడాలను, దాటే దారి ఒకటుంది. తెలిసిన మోతాదులో అరుదైన ఐసోటోపును (అదే మూలకంలో వేరే ద్రవ్యరాశి గల రకాన్ని), ఉదాహరణకు ఇనుము 57ను, నమూనాలో ముందే కలిపితే, కాలమ్‌లో ఎంత పోయినా రెండు ఐసోటోపులూ ఒకే పాళ్లలో పోతాయి, నిష్పత్తి చెదరదు. మాంగనీసుకు, కోబాల్టుకు ప్రకృతిలో ఒక్కొక్క స్థిర ఐసోటోపే ఉంది కనుక వాటికి ఈ రక్షణ లేదు, ప్రమాణ ద్రావణాలను సముద్రపు నీటిలోనే కలిపి కాలమ్ గుండా పంపి క్రమాంకనం చేసుకోవలసిందే. కోబాల్టుకు ఇంకో చిక్కు కూడా ఉంది. అది నీటిలో సేంద్రియ పదార్థాలకు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది, ఆమ్లం కలిపి నెలలు నిలవ ఉంచినా కొంత భాగం వాటిని వదలదు, అలా వదలనిది రెజిన్‌కు చిక్కదు. అతినీలలోహిత దీపం కింద నమూనాను ఉంచి ఆ పదార్థాలను ఛేదించాకే కోబాల్టు పూర్తి విలువ వస్తుంది. రాగి విషయంలోనూ కొంతవరకు ఇదే మాట. ఆ దీపం యంత్రంతో రాదు, విడిగా సమకూర్చుకోవాలి, అమ్మేవారు ఈ సంగతి అడిగితే తప్ప చెప్పరు.

కాడ్మియం గురించి చిన్న హెచ్చరిక. సముద్రపు నీటిలో మాలిబ్డినం లీటరుకు వంద నానోమోల్‌కు పైగా ఉంటుంది, రెజిన్ అందులో కొంత పట్టుకుంటుంది, అది ప్లాస్మాలో ఆక్సైడుగా మారి 111, 114 ద్రవ్యరాశుల దగ్గర కాడ్మియంతో కలిసిపోతుంది. లోతు నీళ్లలో కాడ్మియం ఎక్కువ కనుక ఇది బాధించదు. కాడ్మియం దాదాపు లేని ఉపరితలపు నీటిలో దిద్దుబాటు చేయకపోతే అంకె అంతా మాలిబ్డినందే కావచ్చు.

కాలమ్ నుంచి లోహాలతో వచ్చిన ఆమ్లాన్ని నేరుగా ఐసీపీ-ఎంఎస్‌కు పంపాలా, వయల్స్‌లో పట్టుకుని తరువాత కొలవాలా అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. నేను రెండోదాన్నే సమర్థిస్తాను. నేరుగా పంపితే సిగ్నల్ శిఖరం కొన్ని సెకన్లలో దాటిపోతుంది, ఆ సమయంలో ప్లాస్మా ఒడుదొడుకులకు లోనైతే ఆ నమూనా పోయినట్టే. వయల్‌లో ఉంటే మళ్లీ కొలవవచ్చు, ఇనుమును ఆర్గాన్ ఆక్సైడు నుంచి విడదీయడానికి స్పెక్ట్రోమీటరును ఎక్కువ విభేదన స్థాయిలో నింపాదిగా నడపవచ్చు. అదనంగా వయల్స్ శుద్ధి చేసే పని పడుతుంది, అది భరించదగిన శ్రమే.

నిర్వహణ విషయానికి వస్తే, వాల్వులు మన్నికగా ఉన్నాయి, కాలమ్ జాగ్రత్తగా వాడితే వందల నమూనాలకు వస్తుంది, గొట్టాల అతుకులు మాత్రం నెలకోసారి బిగించి చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ పాతకాలపు పోకడ గలదైనా చెప్పిన పని చేస్తుంది. వడపోయని నీటిని ఒక్కసారి కూడా పెట్టవద్దు, 0.2 మైక్రాన్ల ఫిల్టరు దాటిన నీటికే ఈ కాలమ్.

ఈ యంత్రం నుంచి ఆశించకూడనివి కొన్ని ఉన్నాయి. పాదరసాన్ని ఇది కొలవదు, దానికి బంగారు తీగ మీద ఆవిరిని పట్టి ఫ్లోరెసెన్స్‌తో కొలిచే వేరే పద్ధతి ఉంది. లోహం ఏ రూపంలో ఉంది, ఎంత భాగం సేంద్రియ బంధంలో ఉంది అన్న ప్రశ్నలకు విద్యుత్ ప్రవాహాన్ని బట్టి కొలిచే వోల్టామెట్రీయే శరణ్యం. ఇది చెప్పేది కరిగి ఉన్న మొత్తం మాత్రమే. నమూనా తీసిన ఓడలోనే తుప్పు రాలి సీసాలో పడి ఉంటే, ఆ తుప్పునూ ఇనుముగానే నిష్ఠగా లెక్కపెడుతుంది. 1970ల నడిమి వరకు ప్రచురించిన సముద్రపు లోహాల అంకెల్లో అధిక భాగం ఇలా కలుషితమైనవేనని తరువాత తేలింది. సీసం మీద భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ చేసిన శ్రమ వల్లే శుభ్రమైన గది, శుభ్రమైన సీసా, శుభ్రమైన చెయ్యి అన్నవి ఈ రంగంలో నియమాలయ్యాయి.

ఆ పాత అంకెలు తప్పని ఎలా తెలిసిందో, మా యంత్రాన్ని చివరగా అలాగే పరీక్షించాను. 1976లో ఎడ్వర్డ్ బాయిల్, ఆయన సహచరులు కాడ్మియం లోతును బట్టి ఫాస్ఫేట్ వెంట నడుస్తుందని, 1978లో బ్రూలాండ్ బృందం జింకు సిలికేట్ వెంట నడుస్తుందని చూపించారు. సముద్రంలో ప్లవక జీవులు పైన తీసుకుని కింద వదిలే పదార్థాలు కనుక వాటి గీతలు నునుపుగా సాగాలి. మేము ఒకే చోట పన్నెండు లోతుల్లో తీసిన నీళ్లలో, రబ్బరు మూత ఉన్న రోజుల్లో జింకు చుక్కలు కాగితం మీద చల్లిన ఆవగింజల్లా ఉండేవి. మూత మార్చాక అవే సీసాల్లోని నీటిని మళ్లీ కొలిస్తే, ఉపరితలంలో సున్నాకు దగ్గరగా మొదలై, సిలికేట్ ఎక్కడ వంగితే అక్కడ వంగుతూ పన్నెండు చుక్కలూ ఒకే గీతలో కూర్చున్నాయి. ఆ కాగితం ఇప్పటికీ యంత్రం పక్కన గోడకు అంటించి ఉంది.

నెలకు పదో పదిహేనో నమూనాలు, అవీ తీరప్రాంతపు నీళ్లు, చూసుకునే ప్రయోగశాలకు ఇది అవసరం లేదు. అదే రెజిన్‌ను చిన్న గొట్టంలో నింపి చేత్తో నడుపుకుంటే సరిపోతుంది. వందల సంఖ్యలో నడిసముద్రపు నమూనాలు ఎదురుచూస్తున్నవారు కొనవచ్చు. కొనేవారు ఒప్పందంలో ఒక షరతు రాయించుకోండి: బిగింపు పూర్తయిన రోజున, మీ గదిలో, మీ ఆమ్లంతో, లోహాలు తీసేసిన సముద్రపు నీటి బ్లాంకులు వరుసగా పది నడిపి, జింకుతో సహా ప్రతి లోహానికి వాటి వ్యాప్తి ఎంతో రాసి ఇచ్చాకే యంత్రాన్ని స్వీకరించినట్టు సంతకం చేస్తామని.